వీడియో వైరల్ అయితే గూడు రేటు పెరుగుతుందా?

ఈసారి పాఠం ఆకు గురించి కాదు, మందు గురించి కాదు. ఫోను గురించి. మన గ్రూపులో ఈ మధ్య ప్రతి బ్యాచ్‌కీ నలుగురైదుగురు షెడ్డు వీడియోలు పెడతా ఉన్నారు. పురుగులు ఆకు తినేది, గూళ్లు దులిపేది, బస్తాలు బండికి ఎక్కించేది. వాటి కింద వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే: "అన్నా, ఇది వైరల్ అయితే మనకు ఏమన్నా రేటు వస్తుందా?"

ముందే చెప్పేస్తా. గూడు రేటు రాదు. మిగతా కొన్నిటికి వస్తుంది. ఏవి, ఎందుకు, ఎట్లా అన్నదే ఈ పాఠం. ఇందులో షెడ్డుకు ముప్పు తెచ్చే సంగతి కూడా ఒకటుంది. అది చదవకుండా వదలొద్దండి, నేను రాయాలనుకున్నదే దానికోసం.

గూడు రేటు ఎందుకు రాదు అంటే, మన గూడు అమ్ముడుపోయే చోటు అలాంటిది. కర్ణాటకలో 1959 నాటి చట్టం ప్రకారం గూళ్లు ప్రభుత్వ మార్కెట్‌లోనే, లైసెన్సు ఉన్న రీలర్లకే అమ్మాల. రామనగర పోయినా, ఇంకో మార్కెట్‌కు పోయినా అంతే. మనవాళ్లు కొందరు హిందూపురం వైపు పోతారు, అక్కడా వేలమే. ఆ వేలంలో రీలర్ ఏం చూస్తాడు? కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్న గూళ్లు పైకి తీస్తాడు. పిడికెడు తీసుకుని చెవి దగ్గర ఊపుతాడు, లోపల ప్యూపా గలగలమంటుందా, మెత్తగా అతుక్కుపోయిందా అని. బొటనవేలితో నొక్కుతాడు. జోడు గూళ్లు ఎన్ని, మరక గూళ్లు ఎన్ని, పైన జాలు శుభ్రంగా తీశామా లేదా చూస్తాడు. ఆయన లెక్కంతా ఒక కిలో పట్టుదారం తీయడానికి ఎన్ని కిలోల గూడు పడుతుందన్నది. మంచి బైవోల్టిన్ అయితే ఆరున్నర కిలోల చుట్టుపక్కల సరిపోతుంది, క్రాస్‌బ్రీడ్ అయితే అంతకంటే ఎక్కువ పడుతుంది. మీ వీడియోను పది లక్షల మంది చూసినా ఆ లెక్క గ్రాము కూడా మారదు. రీలర్ కూడా ఆ పది లక్షల్లో ఒకడై ఉండొచ్చు, నవ్వుకుంటా చూసి ఉండొచ్చు, పాట పెట్టేటప్పుడు మాత్రం మీ కుప్పనే చూస్తాడు.

మరి వీడియో దేనికి పనికొస్తుంది? కొనేవాడు మన సరుకును చేత్తో పట్టుకోకముందే నమ్మకం కుదరాల్సిన చోట పనికొస్తుంది. మల్బరీ నారు అమ్మేవాళ్లు ఉన్నారు. రిజిస్ట్రేషన్ చేయించుకుని చాకీ పురుగులు ఇచ్చేవాళ్లు ఉన్నారు. పురుగుల పెంటతో, మిగిలిన ఆకుతో కంపోస్టు, వర్మీకంపోస్టు చేసేవాళ్లు ఉన్నారు. కోసిన గూళ్లతో దండలు, బొకేలు, పూలు చేసే మహిళా సంఘాలు ఉన్నాయి. మల్బరీ పండు అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఇంకా ముందుకు పోతే, మొళకాల్మూరు, ధర్మవరం లాంటి చోట్ల నేసేవాళ్లు తమ చీర వెనక ఉన్న దారం ఎక్కడినుంచి మొదలైందో కొనేవాళ్లకు చూపాలనుకుంటే, మన షెడ్డు వీడియో వాళ్లకు అవసరం. వీటికి వేలం లేదు, మండి లేదు. మనమే మండి. అందుకే ఇక్కడ మాట చెల్లుతుంది, బొమ్మ చెల్లుతుంది.

(చాకీ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సెంట్రల్ సిల్క్ బోర్డు చట్టాన్ని 2006లో సవరించినప్పటి నుంచి గుడ్లు తయారు చేసి అమ్మడానికైనా, చాకీ ఇవ్వడానికైనా రిజిస్ట్రేషన్ ఉండాల. అది లేకుండా "చాకీ దొరకును, ఫోన్ చేయండి" అని వీడియో పెడితే మన మీద మనమే సాక్ష్యం తయారు చేసుకున్నట్టు.)

ఇప్పుడు వైరల్ అనేది ఎట్లా జరుగుతుందో చూద్దాం. మన తెలుగువాళ్లలోనే చూద్దాం, దూరం పోనక్కర్లేదు.

మస్తానమ్మ అవ్వను మీరు చూసే ఉంటారు. వందేళ్లు దాటిన అవ్వ. ఆంధ్రలో ఒక పల్లెటూళ్లో ఆరుబయట కట్టెల పొయ్యి మీద వంట. ముని మనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి 2016లో "కంట్రీ ఫుడ్స్" అని యూట్యూబ్ ఛానెల్ పెట్టారు. పుచ్చకాయలో కోడికూర చేసిన వీడియో కోటి దాటింది. 2018 డిసెంబరులో అవ్వ పోయింది, అప్పటికి దేశవిదేశాల్లో ఆమె పేరు తెలుసు. అందులో ఏముంది చెప్పండి? ఖరీదైన కెమెరా వల్ల అది అంత పోలేదు, పాటల వల్ల పోలేదు. ఎక్కడా కనపడని ఒక మనిషి, ఆమె రోజూ చేసే పని, చూసేవాడికి మాత్రం కొత్త. మనకు ఐదో దశలో పురుగు ఆకు తినే చప్పుడు రోజూ వినేదే. బెంగళూరులో కూర్చున్న పిల్లకు అది రేకుల మీద వాన పడినట్టు వినపడుతుంది. అదే వైరల్ అయ్యే సరుకు. దాని మీద సినిమా పాట వేసి ఆ చప్పుడునే చంపేస్తున్నారు మనవాళ్లు! పైగా సినిమా పాట పెడితే హక్కుల గొడవ వచ్చి వీడియో మూగబోవడమూ ఉంది.

రెండోది జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. శ్రీరాం శ్రీకాంత్ అనే అతను 2012లో "మై విలేజ్ షో" మొదలుపెట్టాడు. గంగవ్వ అందులోకి వచ్చింది తర్వాత. 2020లో ఆమె బిగ్‌బాస్‌కు పోయేసరికి ఊరూరా తెలిసింది. మధ్యలో గడిచిన సంవత్సరాలు లెక్కపెట్టండి. మనం రెండు వీడియోలు పెట్టి మూడోరోజు "నూటయాభై మందే చూశారు" అని మానేస్తాం. మల్బరీ నాటి మూడోరోజే ఆకు కోయలేం కదా.

మూడోది నాకు అన్నిటికంటే పనికొచ్చిన కథ. హైదరాబాదు మాదాపూర్‌లో, ఐటీసీ కోహినూర్ దగ్గర రోడ్డు పక్కన అన్నం బండి పెట్టుకున్న కుమారి ఆంటీ. పదేళ్లకు పైగా అదే పని. ఆఫీసులవాళ్లు, డ్రైవర్లు వచ్చి తినిపోయేవాళ్లు. 2024 జనవరిలో ఆమె బిల్లు చెప్పే తీరు రీల్స్‌లో ఎక్కింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా అన్న ముక్క పిల్లల నోళ్లలో కూడా నానింది. ఏమైంది? జనం విరగబడ్డారు. తినేవాళ్ల కంటే తీసేవాళ్లు ఎక్కువ. రోడ్డు మీద ట్రాఫిక్ ఆగింది. పోలీసులు బండి తీయించారు. మళ్లీ అది వార్తయి, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుని బండి అక్కడే పెట్టుకోనివ్వమని చెప్పేదాకా వెళ్లింది. ఆమె అదృష్టం బాగుంది. కానీ చూడండి, వీడియో తీసింది ఆమె కాదు, ఎంతమంది రావాలో తేల్చింది ఆమె కాదు, ఎప్పుడు ఆగాలో కూడా ఆమె చేతిలో లేదు. ఆమె బండి దగ్గర ట్రాఫిక్ ఆగింది. మన షెడ్డు దగ్గర జనం విరగబడితే ఏమవుతుంది?

ఇదే నేను ముందు చెప్పిన ముప్పు.

మన షెడ్డులోకి వచ్చే ప్రతి చెప్పు, ప్రతి చెయ్యి ఇంకో షెడ్డు నుంచి వచ్చి ఉండొచ్చు. వీడియో చూసి వెతుక్కుంటా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎవరు? రైతులే. వాళ్ల ఇంట్లో కూడా పురుగులు ఉంటాయి. నిన్న పాలరోగం వచ్చిన పురుగులు ఏరి పారేసిన చేత్తోనే ఈ రోజు మన తట్టలో పురుగు పట్టుకుని "ఎంత లావుందన్నా" అంటారు. గ్రాసరీ పురుగు కారే ఆ తెల్లటి పాలలో ఎంత విషం ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. సున్నకట్టు రోగం బీజాలు గాలికే వస్తాయి, బట్టలకు అంటుకుని రావా? పెబ్రిన్ సంగతి అయితే మరీ, దానికి మందే లేదు, బ్యాచ్ కాల్చేయడమే. తలుపు పదేపదే తీస్తా ఉంటే ఊజి ఈగ లోపలికి దూరుతుంది. ఆ ఊజి ఈగ కథ పాతవాళ్లకు తెలుసు. 1980 ప్రాంతంలో బెంగాల్ నుంచి తెచ్చిన గూళ్లతో కర్ణాటకలోకి దిగింది, అంతకుముందు మన దక్షిణాన ఆ బాధ లేదు. ఒక్కసారి బయట సరుకుతో వచ్చింది, నలభై ఏళ్లు దాటినా పోలేదు. అందుకని షెడ్డులోకి ఎవరిని రానిస్తున్నామన్నది చిన్న విషయం కాదండి.

మొత్తం బ్యాచ్‌లో తినే ఆకులో నూటికి 80 పైన ఐదో దశలోనే తింటాయి. అంటే అందరూ చూడ్డానికి వచ్చేది, వీడియోకు బాగుండేది ఆ వారమే. మన పెట్టుబడి మొత్తం తట్టల్లో ఉండేదీ ఆ వారమే. ఆ వారంలో రోగం వస్తే మళ్లీ కోలుకునే టైం ఉండదు.

కాబట్టి వీడియోలో ఊరి పేరు చెప్పే ముందే వచ్చేవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో ఏర్పాటు చేసుకోండి. మేం చేసేది ఇది: షెడ్డుకు దూరంగా వేపచెట్టు కింద ఒక బల్ల. బ్యాచ్ నుంచి ఒక పాతిక ముప్పై పురుగులు ఒక చిన్న తట్టలో వేసి అక్కడ పెడతాం. చూడండి, పట్టుకోండి, ఫొటో తీసుకోండి. ఆ పురుగులు తిరిగి షెడ్డులోకి పోవు. సాయంత్రం గుంతలో వేసి సున్నం చల్లి పూడ్చేస్తాం. పాతిక పురుగుల నష్టం పెద్ద లెక్క కాదు. షెడ్డు చూడాల్సిందే అనేవాళ్లకు గూళ్లు దులిపిన తర్వాత, మళ్లీ కడిగి మందు కొట్టే లోపల రమ్మని చెబుతాం. ఖాళీ షెడ్డులో గాలి ఎట్లా ఆడుతుంది, జాలీ ఎక్కడ కట్టాం, రాక్‌లు ఎంత ఎడంలో ఉన్నాయి అన్నీ బాగా కనపడతాయి. నిజంగా నేర్చుకోవాలని వచ్చినవాడికి అదే ఎక్కువ ఉపయోగం. పురుగులున్నప్పుడు తప్పనిసరిగా ఎవరన్నా, రేష్మె ఇలాఖ వాళ్లే కానీ, లోపలికి రావాల్సి వస్తే గడప దగ్గర బ్లీచింగ్ పౌడర్ 2 శాతం, సున్నం 0.3 శాతం కలిపిన నీళ్లలో తడిపిన గోనె, చేతులు కడుక్కునే బకెట్. ఆఫీసర్లు దీనికి కోపగించుకోరు, మెచ్చుకుంటారు.

"చుట్టాలను బయటే నిలబెడితే ఏమనుకుంటారు" అని అడిగిన అక్కకు నా జవాబు: ఆ ఏర్పాటునే వీడియోలో చూపించండి. గోనె మీద కాళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని మీరే లోపలికి పోయేది ముందు పది సెకన్లు పెట్టండి. చాకీ కొనేవాడికి, నారు కొనేవాడికి ఈ మనిషి దగ్గర శుభ్రం ఉంది అన్న నమ్మకం అక్కడే వస్తుంది. వచ్చేవాడికి కూడా ముందే తెలిసిపోతుంది, గడప దగ్గర వాదన ఉండదు.

ఇక తీసే పద్ధతి. ఎప్పుడు తీయకూడదో ముందు చెబుతా. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు తట్టలు కదిలించొద్దు, లైట్లు వేయొద్దు, అప్పుడు అవి తల ఎత్తి నిలబడి ఉంటాయి, చూడ్డానికీ ఏమీ ఉండదు. చంద్రికల మీదికి ఎక్కించిన తర్వాత గట్టి లైటు ఒక పక్కనుంచి కొట్టొద్దు. పురుగులు చీకటి పక్కకు గుంపు కడతాయి, జోడు గూళ్లు పెరుగుతాయి. రీల్ కోసం రీలర్ దగ్గర రేటు పోగొట్టుకున్నట్టు అవుతుంది. కిటికీ వెలుతురు చాలు. ఫోనును కూడా శుభ్రమైన గుడ్డతో తుడిచి లోపలికి తీసుకుపోండి, మార్కెట్‌లో, బస్సులో, ఇంకోళ్ల షెడ్డులో తిరిగిన వస్తువే కదా అది.

బాగా వచ్చేవి ఇవి: ఆకు వేసిన రెండు నిమిషాల తర్వాత మాట లేకుండా ఉత్త చప్పుడు. ఒకే పురుగు చంద్రికలో కూర్చుని తల ఎనిమిది అంకెలా ఊపుతా దారం వదిలేది. ఫోను ఒక చోట కట్టేసి టైం లాప్స్‌లో పెడితే సన్నటి తెర లోపల పురుగు మెల్లగా కనపడకుండా పోయేది చూస్తే ఎవరైనా ఆగుతారు. వేడినీళ్లలో వేసిన ఒక గూడు నుంచి దారం కొస పట్టుకుని లాగేది కూడా. మంచి బైవోల్టిన్ గూట్లో దారం వెయ్యి మీటర్లు ఉంటుంది. ఆ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు, పిల్లవాడు కొస పట్టుకుని కాలవ గట్టు మీద నడుస్తా పోతే నమ్ముతారు.

మొదటి మూడు సెకన్లలో "హాయ్ ఫ్రెండ్స్, నమస్తే, మా ఛానెల్‌కు స్వాగతం" అని మొదలుపెట్టొద్దు. వేలు పక్కకు జరిపేస్తారు. చప్పుడుతో మొదలుపెట్టండి, తర్వాత మాట్లాడండి.

మాట్లాడేటప్పుడు మన మాటే మాట్లాడండి. సిరుగుప్ప వైపు మనం సగం తెలుగు, సగం కన్నడం. అదేమీ తక్కువ కాదు, మనకు రెండు రాష్ట్రాల కొనేవాళ్లు ఉన్నట్టు. ఒకే వీడియోకు తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి మాట చెప్పి రెండు చేసి పెట్టండి. పేరు రాసేటప్పుడు తెలుగులో "పట్టు పురుగుల పెంపకం" అని, కన్నడంలో "రేష్మె" అని, ఊరు, తాలూకా పేరుతో రాయండి. వెతికేవాడు ఆ మాటలతోనే వెతుకుతాడు.

ఇక్కడ చాలామంది వదిలేసే విషయం ఒకటి. వాట్సాప్‌లో వీడియో ఒకరి నుంచి ఒకరికి పోయేటప్పుడు కింద మీరు రాసిన అక్షరాలు చాలాసార్లు ఊడిపోతాయి, వీడియో ఒక్కటే పోతుంది. ఊరు లేదు, తేదీ లేదు, ఎవరిదో తెలియదు. కాబట్టి చెప్పాల్సింది వీడియోలో నోటితోనే చెప్పాల: ఏ ఊరు, ఏ నెల, ఏ సంవత్సరం, ఏ రకం పురుగు, ఎన్ని గుడ్లు. నెల, సంవత్సరం ఎందుకంటే మన వీడియోకు చావు లేదు. ఈ నెల నారు రేటు చెబితే రెండేళ్ల తర్వాత ఎవరో ఆదోని నుంచి ఫోన్ చేసి "వీడియోలో ఇంతే అన్నావే" అని కొట్లాడతాడు. రేటు చెప్పకపోవడమే మేలు, చెబితే తేదీతో చెప్పాల.

వాట్సాప్ వాళ్లు 2018లో మన దేశంలోనే మొదట, ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా పెట్టారు. పుకార్ల వల్ల. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన మెసేజీ అయితే ఒకసారికి ఒక్క చోటికే పోతుంది. అందుకే వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే వీడియో ఒక దశ దాటి పోదు. యూట్యూబ్‌లో పెట్టి ఆ లింకు వాట్సాప్‌లో పంపడం మంచిది. లింకు పంపితే వీడియో నాణ్యత తగ్గదు, ఎంతమంది చూశారో తెలుస్తుంది, తప్పు సమాచారం ఉంటే మనం తీసేయొచ్చు. నేరుగా పంపిన వీడియోను వెనక్కి తెచ్చుకోలేం. అట్లాగని ఒకే యాప్ మీద ఇల్లు కట్టొద్దు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో ఆపేశారు. లక్షల మంది ఫాలోవర్లు ఉన్నవాళ్లకు ఆ రాత్రికి ఏమీ మిగల్లేదు. మీ దగ్గర నిజంగా మిగిలేది కొన్నవాళ్ల ఫోన్ నంబర్ల నోటుబుక్కు ఒక్కటే.

యూట్యూబ్ డబ్బులు ఇస్తుంది కదా అని ఒక తమ్ముడు అడిగాడు. ఇస్తుంది. ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల చూపు, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాల. వస్తే తీసుకోండి, వద్దనను. దానికోసం ఆకు కోసే టైం పోగొట్టుకోవద్దు. కంపోస్టు అమ్ముకునేవాడికి కోటి వ్యూస్ అక్కర్లేదు. శ్రీకాకుళంలో లక్ష మంది చూస్తే ఒక్క బస్తా కూడా కదలదు, బండి బాడుగే సరుకు కంటే ఎక్కువ. సిరుగుప్ప, ఆదోని, బళ్లారి చుట్టూ మూడు వందల మంది దానిమ్మ, మిరప రైతులు చూస్తే గుట్ట ఖాళీ. వ్యూస్ లెక్కపెట్టొద్దు. నోటుబుక్కులో మూడు గీతలు కొట్టండి: ఫోన్ చేసినవాళ్లు, వచ్చి చూసినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు. ఏ వీడియో తర్వాత ఏ గీత పెరిగిందో రెండు బ్యాచ్‌లు చూస్తే మీకే తెలుస్తుంది ఏది తీయాలో.

మనమే తీయనక్కర్లేదు కూడా. రాజేందర్ రెడ్డి నడిపే "తెలుగు రైతుబడి" లాంటి ఛానెళ్లు రైతు పొలానికి వచ్చి, ఖర్చు ఎంత, దిగుబడి ఎంత అని కూర్చోబెట్టి అడుగుతాయి. అట్లాంటివాళ్లు వస్తే మంచిదే. అయితే వాళ్లనూ ఖాళీ షెడ్డు ఉన్నప్పుడు, లేదా వేపచెట్టు బల్ల దగ్గరికే రమ్మనండి. కెమెరా ఉందని గడప నియమం మారకూడదు.

నంబరు గురించి. ఇంట్లో వాడే నంబరు వీడియోలో ఇవ్వొద్దు. ఇంకో సిమ్ము తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, అది ఉచితమే. అందులో సరుకు బొమ్మలు, రేట్లు కేటలాగ్‌గా పెట్టొచ్చు, మనం ఆకు వేస్తున్నప్పుడు దానంతట అదే జవాబు పోయేట్టు పెట్టొచ్చు. నంబరు బయటికి పోతే మోసగాళ్లూ ఫోన్ చేస్తారు. "మిలటరీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాం, వంద బస్తాలు కావాల, అడ్వాన్సు పంపుతాం, మీ ఫోన్‌లో పిన్ను కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ను కొడితే పోయేది మన డబ్బే. ఈ మాట ఇంట్లో ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు కూడా చెప్పి పెట్టండి, ఆ ఫోను ఎవరు ఎత్తుతారో తెలియదు కదా.

ఇంక ఒకటి చెప్పాల. ఇది కొందరికి నచ్చకపోవచ్చు.

"ఎకరాకు నెలకు లక్ష" అన్న వీడియోలు మన పని మీద చాలా ఉన్నాయి. బాగా పండిన ఒక్క బ్యాచ్, రేటు బాగున్న ఒక్క రోజు, ఆ రోజు మార్కెట్ చీటీ. అది అబద్ధం కాదు. కానీ పోయిన బ్యాచ్ చీటీ అందులో ఉండదు. అది చూసి ఒకాయన వరి మడి తీసేసి మల్బరీ పెడతాడు, అప్పు తెచ్చి షెడ్డు వేస్తాడు. నీళ్లు చాలక, మొదటి రెండు బ్యాచ్‌లు రోగానికి పోతే ఆయన ఎవరిని తిట్టాల? నారు అమ్ముకోవడానికి మనం అట్లాంటి వీడియో చేస్తే ఆ అప్పులో మనకూ పాలు ఉంది. అందులోనూ మన నారు కొన్నవాడే రేపు మన పేరు చెబుతాడు, మంచైనా చెడైనా.

లెక్క చెప్పాలంటే మొత్తం చెప్పాల. ఉదాహరణకు 200 గుడ్లు పెట్టి 140 కిలోల గూడు తీశారనుకోండి. కిలో 500 అనుకుంటే 70,000. ఇక్కడితో వీడియో ఆపేస్తారు. చాకీ ఖర్చు, ఎరువు, కూలి, సున్నం, బ్లీచింగ్, విజేత పౌడరు, చంద్రికల బాడుగ, మార్కెట్‌కు బండి, ఇంట్లోవాళ్ల కూలి కూడా వేసి తీసేయండి. తర్వాత అదే గూడు 350 పలికితే ఎంత వచ్చేది అన్నది కూడా అదే వీడియోలో చెప్పండి, 49,000. ఖర్చు మాత్రం రూపాయి తగ్గదు. ఇట్లా చెప్పేవాళ్లు తక్కువ. తక్కువ కాబట్టే నిలబడతారు.

పుకారు సంగతి కూడా మనం చూసిందే. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందని ఫోన్లలో తిరిగి, కోళ్ల రైతులు నిలువునా మునిగారు. తెలంగాణలో మంత్రులే వేదికెక్కి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మన పట్టుకు కూడా అట్లాంటిది రేపు రావచ్చు, "పట్టు మొత్తం నకిలీ" అనో, ఇంకోటో. చీర కొనేవాళ్లు భయపడితే ఆ దెబ్బ నేతగాడి మీదుగా, రీలర్ మీదుగా మన గూటి రేటు దాకా వస్తుంది. వీడియో మన గూడు రేటు పెంచలేదన్నా, పడేయగలదు. అట్లాంటిది గ్రూపులో వస్తే ముందుకు తోయొద్దు. దానికి జవాబుగా పనికొచ్చే చిన్న వీడియో ఇప్పుడే తీసి పెట్టుకోవచ్చు: అసలు పట్టు పోగు ఒకటి, నైలాన్ పోగు ఒకటి నిప్పుకు పెట్టండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, చేత్తో నలిపితే బూడిదై రాలుతుంది. నైలాన్ కరిగి గట్టి ఉండ కడుతుంది. దాంతో పాటు సిల్క్ మార్క్ లేబుల్ ఎట్లా ఉంటుందో చూపించండి, సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చిన గుర్తు అది. ముప్పై సెకన్ల పని.

ఈ బ్యాచ్‌కు మొదలుపెట్టేవాళ్లకు చిన్న పని ఇస్తున్నా. నాలుగో జ్వరం లేచిన మూడోరోజు ఉదయం, మొదటి ఆకు వేసిన తర్వాత, ఒక నిమిషం చప్పుడు మాత్రం రికార్డు చేయండి. పాట వద్దు, మాట వద్దు. చివర్లో ఊరు, నెల, రకం, గుడ్ల లెక్క నోటితో చెప్పండి. గ్రూపులో పెట్టండి. ఏది బాగుందో అందరం వింటాం, వచ్చే పాఠంలో వాటినే పెట్టుకుని టైం లాప్స్‌కు ఫోను చంద్రికకు ఎట్లా కట్టాలో రాస్తా.